కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ డిపాజిట్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. ముప్పై అయిదేళ్ల కింద బెంగళూరు వచ్చి కేఆర్ పురంలో స్థిరపడ్డాం. ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు 62. మా అబ్బాయికి 32. మెకానికల్ బీటెక్ చదివి మూడేళ్లు బ్యాంకు పరీక్షలు రాశాడు, తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్‌లో అయిదేళ్లు చేశాడు. ఉద్యోగం పోయి రెండేళ్లయింది. పన్నెండింటిదాకా లేవడు, గది దాటి రాడు, బద్ధకం బాగా పెరిగిపోయింది. ఒక కోర్సుకూ, వాడి క్రెడిట్ కార్డు బాకీలకూ కలిపి ఇప్పటికే 9 లక్షలు కట్టాను. ఇప్పుడు మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడున్నర లక్షలిస్తే డేటా సైన్స్ నేర్పి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా ఇచ్చి ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. పోస్టాఫీసులో ఏడాదిన్నర కింద వేసిన 26 లక్షల సీనియర్ సిటిజన్ డిపాజిట్ తీసి కట్టమంటారా? మా ఆవిడేమో ఇల్లు వాడి పేరున రాసి పెళ్లి చేస్తే దారిలో పడతాడంటోంది.

జవాబు: సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీరేమనుకుంటున్నారో ఉంది, అమ్మగారేమంటున్నారో ఉంది, చివరికి ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమన్నారో కూడా ఉంది. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. డేటా సైన్స్ అతను అడిగాడా, లేక మీరే ఎక్కడో బోర్డు చూసి వెళ్లి కనుక్కున్నారా? నాకైతే రెండోదే అనిపిస్తోంది, తప్పయితే క్షమించండి.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఇది తేలిక. 26 లక్షల మీద 8.2 శాతం వడ్డీ అంటే మూడు నెలలకోసారి 53,300 చేతికొస్తుంది. నెలకు పదిహేడున్నర వేల పైమాటే. ఫ్యాక్టరీ వాళ్లకొచ్చే ఈపీఎస్ పెన్షన్ ఎంతో నాకు తెలుసు, దాంతో ఇల్లు గడవదు. ఆ ఖాతాలోంచి అవసరమైనంత కొద్దిగా తీసుకోవడం కుదరదు, మూసేయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు, మీకది 39,000. ఫీజూ కోతా పోగా మిగిలింది మళ్లీ అదే వడ్డీకి వేసినా నెలకు రెండు వేల ఆరు వందలు తగ్గుతుంది. ఇంట్లో మందుల ఖర్చు నెలకెంతవుతుందో పక్కన రాసి చూసుకోండి. అబ్బాయికి సంపాదించడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది, మీకు ఇంకో ఫ్యాక్టరీ లేదు.

ఇక ఆ గ్యారంటీ. మారతహళ్లిలోనూ బీటీఎం లేఔట్‌లోనూ పీజీ హాస్టళ్ల గోడల మీద ఇలాంటి పాంప్లెట్లు నేను పదిహేనేళ్లుగా చూస్తున్నాను, సబ్జెక్టు పేరు మారుతుందిగానీ మాట మారదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామన్నారంటే అది దొంగ సర్టిఫికెట్టే, దానికి ఇంకో పేరు లేదు. కంపెనీలు ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు పట్టుకుని పీఎఫ్ ఎవరు కట్టారు, ఏ నెల నుంచి ఏ నెల దాకా కట్టారు అన్నీ చూస్తున్నాయి. చేరిన ఆరు నెలలకు దొరికినా తీసేస్తారు. అన్నిటికన్నా బాధేంటంటే మీ అబ్బాయికి నిజంగా చేసిన అయిదేళ్ల సర్వీసు ఉంది. దాని పక్కన దొంగ కాగితం పెడితే ఆ అయిదేళ్లను కూడా ఎవరూ నమ్మరు.

బద్ధకం అని రాశారు. ఆ మాట నేను వాడను. అయిదేళ్లు షిఫ్టుల్లో పనిచేసిన మనిషి ఉన్నట్టుండి పగలంతా పడుకుని, ఇంట్లోవాళ్లతో కూర్చుని తినడం మానేసి, ఎవరి ముఖమూ చూడకుండా ఉంటున్నాడంటే ముందు డాక్టరుకు చూపించాలి, రెజ్యూమె తర్వాత. మీ ఊళ్లోనే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ ఉంది, మానసిక ఆరోగ్యానికి పేరున్న ఆసుపత్రి. దేశం నలుమూలల నుంచి జనం రైలెక్కి అక్కడికి వస్తారు, కేఆర్ పురం నుంచి మీరు వెళ్లడానికేం? అక్కడికంటే పరువు పోతుందని అతను మొండికేస్తే మానసిక ఆరోగ్యం గురించి ఫోన్‌లోనే మాట్లాడే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సర్వీసు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు మీరే ఓసారి చేసి మాట్లాడండి. రెండేళ్లుగా ఈ టెన్షన్ మోస్తున్నది మీరు కూడా కదా.

పెళ్లి సంగతి ఒక్క మాటలో, వద్దు. ఇంకో ఇంటి ఆడపిల్లను మందుగా వాడకండి. ఇల్లు రాయడం కూడా వద్దు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక మనసు మారితే కోర్టుల చుట్టూ తిరగాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో అలా ఇచ్చిన ఆస్తిని రద్దు చేయించుకునే 23వ సెక్షన్ ఉందిగానీ, మమ్మల్ని చూసుకోవాలి అనే షరతు మీద ఇచ్చినట్టు ఉంటేనే అది పనికొస్తుంది. అమ్మగారికి అబ్బాయి భవిష్యత్తు గురించే దిగులైతే వీలునామా రాయండి, బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

మరి ఏం చేయాలి అంటారా. తిండీ గదీ ఎప్పటికీ అతనివే, అది మాటలో కూడా తీయకండి, కోపంలో అయినా సరే. చేతిఖర్చు మాత్రం నెలకింత అని ముందే చెప్పి ఆరు నెలలు ఇవ్వండి, మూడు వేలో నాలుగు వేలో మీ వీలు. క్రెడిట్ కార్డు బాకీ మళ్లీ వస్తే కట్టను అని ఇప్పుడే, గొడవ లేనప్పుడే చెప్పేయండి. లోను తీసుకుంటాను, సంతకం పెట్టు నాన్నా అంటే ఆగండి, కో-బారోవర్ అంటే సాక్షి కాదు, అతను కట్టకపోతే మీరు కట్టాలి, సిబిల్ స్కోరు ఇద్దరిదీ పాడవుతుంది. ఇంటి పని ఒకటి పూర్తిగా అతనికి అప్పజెప్పండి. కరెంటు బిల్లో, అమ్మను చెకప్‌కు తీసుకెళ్లడమో. మర్చిపోతే ఫైన్ పడనివ్వండి, మీరు వెనకే వెళ్లి కట్టొద్దు.

డేటా సైన్స్ మీద నిజంగానే ఇష్టముంటే ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితం, పన్నెండు వారాల కోర్సు ఉంటుంది, పరీక్ష రాయాలంటే వెయ్యి రూపాయలు. ఆ పన్నెండు వారాలూ వారం వారం అసైన్‌మెంట్ పెట్టగలిగాడంటే అప్పుడు ఫీజు గురించి మాట్లాడుకుందాం. నా అంచనాకైతే అతనికి దగ్గర దారి అది కాదు. అయిదేళ్ల సపోర్ట్ అనుభవానికి చిన్న కంపెనీల్లో, కాంట్రాక్టు మీద, పాత జీతం కన్నా తక్కువకు పని దొరికే అవకాశం ఎక్కువ. లేదంటే పీణ్యా, బొమ్మసంద్ర పారిశ్రామికవాడల ఫ్యాక్టరీల్లో క్వాలిటీ, పర్చేజ్ పనులకు మెకానికల్ వాళ్లను తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్ చేసి మళ్లీ షెడ్డుకా అని మీకనిపించొచ్చు, జీవితమంతా ఫ్యాక్టరీలో గడిపిన మీరే అలా అంటే ఇంక నేనేం చెప్పను! రెండేళ్ల గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో అడుగుతారు. ఉద్యోగం పోయింది, ఆరోగ్యం బాగోలేదు, ఇప్పుడు బాగున్నాను అంటే చాలు, కథలు అక్కర్లేదు.

ఆ మధ్య ఒక తండ్రీ కొడుకూ నా దగ్గరికొచ్చారు. ఇరవై నిమిషాలు నేను కొడుకును అడిగిన ప్రతి ప్రశ్నకూ తండ్రే జవాబు చెప్పారు, ఆఖరికి నీకు ఏ టిఫినిష్టమని సరదాకి అడిగితే దానికీ ఆయనే "ఇడ్లీ" అన్నారు. ఆ కుర్రాడు నవ్వాడు, ఆ రోజు అతను చేసిన పనల్లా అదొక్కటే. తర్వాతి వారం ఒక్కణ్నే రమ్మన్నాను, గంటన్నర మాట్లాడాడు.

అందుకని ఇంక మీరు నాకు రాయకండి సార్. నా అడ్రస్ అతనికిచ్చి ఊరుకోండి, రాశావా అని రోజూ అడగొద్దు. నెలకు రాసినా రెండు నెలలకు రాసినా నేను జవాబిస్తాను. ఆ మెయిల్‌లో మీరు సీసీలో ఉండొద్దు.