టెక్ సందేహాలు: వెర్నియర్‌కు మీ లొకేషన్ ఎందుకు?

ప్రశ్న: డిజిటల్ వెర్నియర్‌తో (వస్తువును దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) ఒకే పిస్టన్ పిన్‌ను మూడుసార్లు కొలిస్తే మూడు రీడింగులు వస్తున్నాయి. ఆఫ్ చేసి పెట్టినా సెల్ రెండు నెలలకే అయిపోతోంది. పాడైనట్టేనా సర్? - ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. ముందు సెల్ మార్చండి. ఎల్ఆర్44, ఏజీ13 అని అమ్మేది ఆల్కలైన్ సెల్. వాడేకొద్దీ దాని వోల్టేజీ దిగిపోతూ ఉంటుంది. 1.4 దరిదాపులకు రాగానే చాలా చవక వెర్నియర్లలో అంకెలు మిణుకుమంటాయి, ఎగురుతాయి. అదే సైజులో ఎస్ఆర్44 లేదా 357 పేరుతో సిల్వర్ ఆక్సైడ్ సెల్ దొరుకుతుంది. అది దాదాపు చివరిదాకా 1.55 వోల్టుల దగ్గరే నిలిచి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ధర ఎక్కువైనా అదే వేయండి.

సెల్ త్వరగా అయిపోవడంలో మీ తప్పేమీ లేదు. చవక రకాల్లో ఆఫ్ బటన్ తెరను మాత్రమే ఆపుతుంది. జీరో స్థానం పోకుండా లోపలి సర్క్యూట్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. ఆపితే నిజంగా ఆగిపోయే స్విచ్ పెట్టకపోవడం తయారీదారుల నిర్లక్ష్యమే. వారం పాటు వాడే పని లేకపోతే సెల్ తీసి పెట్టండి.

కొత్త సెల్ వేసినా అంకె నిలవకపోతే స్కేలు తడిసిందేమో చూడండి. లోపలిది కెపాసిటివ్ సెన్సర్, అంటే విద్యుత్ ఆవేశంలో మార్పును బట్టి స్థానాన్ని లెక్కించేది. కూలెంట్, చెమట తగిలితే లెక్క తప్పుతుంది. పొడి గుడ్డతో తుడిచాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన గుడ్డతో మరోసారి తుడవండి. పెట్రోలు, థిన్నర్ వాడితే ప్లాస్టిక్ పాడవుతుంది. ఎయిర్ గన్‌తో ఊదితే ఇనుపరజను స్లైడర్ లోపలికి దూరుతుంది. చాలా షెడ్లలో ఈ రెండు పనులూ రోజూ చేస్తున్నారు!

జీరో చేసే ముందు దవడల మధ్య శుభ్రమైన కాగితం పెట్టి, మెల్లగా మూసి, కాగితాన్ని బయటికి లాగండి. నూనె పొర, రజను దానితో పాటే వచ్చేస్తాయి. మూసిన దవడలను వెలుతురుకు పట్టి చూస్తే మధ్యలో సందు కనిపించకూడదు. తర్వాత వాడని, కొత్త అసలు కంపెనీ 6203 బేరింగ్ బయటి వ్యాసం కొలవండి. అది 40 మిల్లీమీటర్లు, మామూలు గ్రేడులో తగ్గినా 0.011కు మించి తగ్గదు. వెర్నియర్ 39.96 కన్నా తక్కువో, 40.03 కన్నా ఎక్కువో చూపితే దాన్ని పక్కన పెట్టండి.

తెర మీద రెండు దశాంశాలు కనిపించినంత మాత్రాన కొలత అంత ఖచ్చితమని కాదు. 0.01 చూపే వెర్నియర్‌కు ±0.02, ±0.03 తేడా మామూలే. పిన్ అరుగుదల తేల్చాల్సింది ఆ తేడా లోపలే, అందుకే ఆ పని ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటర్‌కు అప్పజెప్పాలి. బిగించేటప్పుడు దాని చివర ఉండే తిప్పే పిడి (రాచెట్) రెండు మూడు క్లిక్కులు చాలు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 40 డిగ్రీల దగ్గర సుమారు 0.023 పెరుగుతుంది. మైక్రోమీటర్ కూడా అదే వేడిలో ఉంటే అదీ పెరుగుతుంది కాబట్టి సగం తేడా రద్దవుతుంది, ఏసీ గదిలోంచి అప్పుడే తెచ్చినదైతే దాదాపు మొత్తం తేడా రీడింగులోకి వచ్చేస్తుంది. పిస్టన్‌నూ మైక్రోమీటర్‌నూ గంట సేపు ఒకే బల్ల మీద ఉంచి కొలవండి.

ప్రశ్న: బ్లూటూత్ వెర్నియర్ కొన్నాం. పెట్టె మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే యాప్ ఫైల్ నేరుగా దిగింది. లొకేషన్, కాంటాక్టులు అడుగుతోంది. ఇవ్వవచ్చా? - సర్వీస్ సెంటర్ సూపర్‌వైజర్, వరంగల్

జవాబు: ఇవ్వకండి. ఆ యాప్‌ను తీసేయండి. బయటి ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసేందుకు బ్రౌజర్‌కు ఇచ్చిన అనుమతిని కూడా సెట్టింగ్స్‌లో రద్దు చేయండి. అదే ఫోన్‌లో యూపీఐ ఉంటే ఆ పని ఈరోజే చేయండి. యాక్సెసిబిలిటీ (వికలాంగుల సాయానికి ఉద్దేశించిన సెట్టింగ్) అనుమతి కూడా ఇచ్చి ఉంటే ఆ యాప్ మీ తెర చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. అప్పుడు మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, దీన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ తప్పనిసరి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గరలోని పరికరాల అనుమతి ఒక్కటే చాలు. కొత్త ఫోన్‌లో కూడా వెర్నియర్ కోసం లొకేషన్ అడుగుతున్నారంటే అది బద్ధకమో, దురుద్దేశమో. కాంటాక్టులతో కొలతకు ఏ సంబంధమూ లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. ఈ వెర్నియర్లలో చాలావాటిని కంప్యూటర్ కీబోర్డుగా గుర్తిస్తుంది. కర్సర్ ఎక్కడుంటే అంకె అక్కడ టైపవుతుంది. కీబోర్డు హోదా దొరికిన పరికరం అంకెలే కాదు, ఏ ఆదేశమైనా టైప్ చేయగలదు. 2023 డిసెంబరులో బయటపడిన ఒక లోపంతో, దగ్గర్లో ఉన్న అపరిచితుడు మీ అనుమతి లేకుండానే నకిలీ బ్లూటూత్ కీబోర్డును జతచేయగలడు. ఆండ్రాయిడ్ 11, ఆపై వాటికి సవరణ వచ్చింది. 10, అంతకు ముందు వాటికి రాలేదు. మీ కౌంటర్ కంప్యూటర్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆర్సీ, బీమా కాగితాలు ఉంటాయి కదా! వెర్నియర్‌ను దానికి జతచేయకండి. అప్‌డేట్లు అందుతున్న వేరే ఫోన్‌ను సిమ్, యూపీఐ లేకుండా ఈ పనికే కేటాయించండి. పని అయ్యాక బ్లూటూత్ ఆపేయండి. తెర మీది అంకెను జాబ్ కార్డులో పెన్నుతో రాసుకున్నా ఏ నష్టమూ లేదు.

కారు లోపాలు చదివేందుకు దాని ఓబీడీ పోర్టుకు తగిలించే చిన్న పరికరం, ఓబీడీ డాంగిల్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పాస్‌వర్డు లేని వైఫైతోనో, 1234 పిన్‌తోనో వచ్చే డాంగిల్‌ను కారులోనే వదిలేసి కస్టమర్‌కు అప్పగిస్తున్నారు. ఆ పోర్టు నుంచి కారు లోపలి నెట్‌వర్కుకు నేరుగా దారి ఉంది. 2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి, తక్కువ వేగంలో ఉన్న కారు బ్రేకులను తమ అదుపులోకి తెచ్చుకుని చూపించారు. స్కాన్ పూర్తి కాగానే డాంగిల్ పీకేయండి.

ప్రశ్న: వెర్నియర్‌తో కొలిస్తే బ్రేక్ డిస్క్ మందం సరిగానే ఉంది. అయినా బ్రేకు వేస్తే పెడల్ అదురుతోంది. - కర్నూలు

జవాబు: అరిగిన డిస్క్ అంచున గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు దాని మీద కూర్చుని ఎక్కువ మందం చూపిస్తాయి. మైక్రోమీటర్‌తో, అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపలికి, చుట్టూ 8 చోట్ల కొలవండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెను డిస్క్ మీద చెక్కిన కనీస మందంతో పోల్చండి. 8 చోట్ల మధ్య తేడా 0.02 దాటితే అదురుకు కారణం దొరికినట్టే. తేడా లేకపోతే డిస్క్ విప్పి, హబ్ (డిస్క్ బిగించే భాగం) మీది తుప్పు గీకి, నట్లు సరైన టార్క్‌తో బిగించాక డయల్ గేజ్‌తో రనౌట్, అంటే తిరిగేటప్పుడు డిస్క్ పక్కలకు ఊగడం, చూడండి. తుప్పు తీయకుండా చూసే రనౌట్ హబ్‌దో డిస్క్‌దో తేలదు.