మీ ఊరి పాత సినిమా హాలు ఎలా ఉండేది? అలాంటి హాళ్ళు ఎందుకు మూతపడ్డాయి?

ముందు రెండో ప్రశ్నకి జవాబు చెప్పేస్తా, అది చిన్నది. హాళ్ళను టీవీ చంపలేదు. నేల టికెట్టు, అంటే తెర ముందు ఇసుకలో కూర్చుని చూసే చౌక టికెట్టు తీసేశారు, అందుకని పోయాయి.

అందరూ నెపం టీవీ మీదకి తోస్తారు. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే వీధిలో పిట్ట కూడా కనపడేది కాదు, ఒప్పుకుంటాను. కానీ పొద్దున టీవీ ముందు దండాలు పెట్టినవాళ్ళే సాయంత్రం మా హాల్లో నేల మీద కూర్చుని ఈలలు వేసేవాళ్ళు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకి యజమానికి ఏం పుట్టిందో, ఇసుక ఎత్తించి, గచ్చు చేయించి, మొత్తం కుర్చీలు వేయించాడు. పొద్దంతా నాట్లేసి వచ్చి, పిల్లాజెల్లాతో నేల రేటుకి చూసే జనం కుర్చీ రేటు ఎక్కడ పెడతారు? రాలేదు. కుర్చీ రేటు పెట్టగలిగినవాళ్ళేమో ఇంట్లో టీవీ కొనుక్కున్నారు. లెక్కలు చూపించమని అడక్కండి, కళ్ళారా చూసిన సంగతి ఇది.

ఇక మొదటి ప్రశ్న. మాది తెనాలి–రేపల్లె రైలు మార్గం పక్కన ఒక ఊరు. హాలు అని మర్యాదకి అంటున్నాను గానీ, నా చిన్నప్పుడు అది డేరా. టూరింగ్ టాకీసు. రేకులు తర్వాత వచ్చాయి. వెనక నాలుగు వరసలు కుర్చీలు, మధ్యలో బెంచీలు, తెర ముందు నేల. నేల అంటే కాలవ ఇసుక. ముందు వచ్చినవాడు ఇసుకంతా తన కిందికి పోగుచేసుకుని, గద్దె కట్టుకుని దాని మీద కూర్చునేవాడు. వెనకవాడికి తెర కనపడేది కాదు. వాడు ఇంకా పెద్ద కుప్ప చేసేవాడు. ఇంటర్వెల్ అయ్యేసరికి ముందు వరసలో గోతులు, వెనక వరసలో గుట్టలు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య నడుమెత్తు తడిక. తడిక మీదుగా చంటిపిల్లలు ఇటూ అటూ చేతులు మారుతుండేవాళ్ళు, ఎక్కడ ఏడుపు ఆగితే అక్కడ.

బయట మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట వేశారంటే టికెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. అది చెవిన పడితే మా నాయనమ్మ పొయ్యిలో కట్టెలు బయటికి లాగేసేది. అన్నం ఉడికిందా లేదా అన్నది ఆవిడ సమస్య కాదు.

1979 ఎండాకాలం సంగతి చెప్తాను. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అప్పట్లో ప్రింటు ఒకటే ఉంటే రెండు ఊళ్ళ హాళ్ళు పంచుకునేవి. పక్క ఊళ్ళో ఆట ముందు మొదలయ్యేది, మా ఊళ్ళో గంటా పావు ఆలస్యంగా. అక్కడ నాలుగు రీళ్ళు అయిపోగానే ఒక మనిషి వాటిని సైకిల్ మీద మా ఊరికి తెచ్చేవాడు. రీలుకి వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాల సినిమా. నాలుగు రీళ్ళంటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో అతను మూడు మైళ్ళు వెనక్కి వెళ్ళి, మూడు మైళ్ళు తొక్కి, తర్వాతి నాలుగు రీళ్ళు తేవాలి. ఆ మనిషికి ఆటలమ్మ పోసింది. మా ఆపరేటర్ బాబాయి నన్ను పిలిచి "ఆటకి రూపాయిస్తా, తొక్కుతావా?" అన్నాడు. ఇంట్లో తెలిస్తే చెమడాలెక్కదీస్తారు కాబట్టి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచిలో చేరానని చెప్పాను.

అయిదు రోజులు బాగానే గడిచాయి. ఆరో రోజు రెండో విడత, అంటే అయిదు నుంచి ఎనిమిది దాకా రీళ్ళు. రేకు పెట్టెను క్యారేజీ మీద పాత సైకిల్ ట్యూబుతో బిగించి కట్టుకుని వస్తున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి గేట్‌మ్యాన్ గేటు వేసేశాడు. రేపల్లె పాసింజరు. అది లేటు. గేటు మాత్రం టైముకి పడింది. మామూలుగా అయితే సైకిల్ ఒరగేసి గేటు కింద నుంచి దూరిపోతాం, ఆ రోజుల్లో అందరూ చేసిందే. కానీ "పెట్టె కింద పడిందా, నీ తోలు వలుస్తా" అని బాబాయి మొదటిరోజే చెప్పాడు. నిలబడ్డాను. పక్కన గడ్డిమోపులతో రెండెడ్లబండి. బండతను "అబ్బాయ్, ఆ పెట్టెలో ఏముంది?" అన్నాడు. కాంతారావు జానపద సినిమా అని చెప్పాను. "అయితే కాంతారావు నా పక్కనే నిలబడ్డాడన్నమాట" అని బీడీ ముట్టించుకున్నాడు. పాతిక నిమిషాలు.

నేను డేరా దగ్గరికి వచ్చేసరికి లోపల రణరంగంలా ఉంది. బాబాయి గాజుముక్కకి దీపం మసి పట్టించి, దాని మీద సూదితో రాసి స్లైడు వేశాడు. "రీలు దారిలో ఉన్నది" అని. నేల మీంచి ఎవడో "ఏ దారిలో రా?" అని అరిస్తే డేరా అంతా గొల్లుమంది. పెట్టె నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళ వైపు నుంచి దూరాను, క్యాబిన్‌కి అదే దగ్గర దారి. అక్కడ మా నాయనమ్మ తన ఇసుక గద్దె మీద లేచి నిలబడి, ఆ రీళ్ళు తెచ్చేవాణ్ణి ఏడు తరాలకీ సరిపడా తిడుతోంది. "ఏ కల్లుపాకలో కూలబడ్డాడో, వాడి చేతులు పడిపోనూ" అన్న చోట నన్ను చూసింది. నోరు అలాగే ఉండిపోయింది. నేను పెట్టెను ముఖానికి అడ్డం తిప్పుకుని పరిగెత్తాను.

పెట్టె తెరిస్తే ఇంకో తద్దినం. పక్క ఊరి ఆపరేటర్ తొందరలో రీళ్ళు తిరగచుట్టకుండానే పడేశాడు. అంటే తోక పైకి ఉంది, అలాగే వేస్తే కాంతారావు గుర్రం వెనక్కి నడుస్తుంది. బాబాయి తిట్టుకుంటూ రీలును చేతిమిషనుకి తగిలించి హ్యాండిల్ నా చేతిలో పెట్టాడు. నేను తిప్పుతుంటే తను కార్బన్ కడ్డీలు రెండూ ఒకదానికొకటి తాకించి, వెంటనే కొంచెం ఎడం చేశాడు. తెల్లటి మంట చర్రుమంది. దాన్ని నల్లద్దంలోంచే చూడాలి, లేకపోతే రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. కడ్డీలు కరుగుతున్నకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరితే తెర పచ్చబడిపోతుంది, నేల మీంచి కేకలు మొదలు. పోయిన కడ్డీ ముక్కల మీది రాగి తొడుగు కోసం మేం పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

ఇప్పుడు అవేవీ లేవనుకోండి. ఫ్యూజీ కంపెనీ 2013లో సినిమా తీసే ఫిల్మ్ తయారీనే ఆపేసింది. పెట్టె లేదు, గేటు లేదు, సినిమా ఉపగ్రహం మీంచి దిగుతోంది. అయినా ఆట టైముకి మొదలవుతోందా? అప్పుడు న్యూస్ రీలు వేసేవాళ్ళు. ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళది, వరదలూ, ఆనకట్టలూ, రిబ్బన్ కత్తిరించే మంత్రులూ. మగాళ్ళు బయట సిగరెట్టు కాల్చి వచ్చేలోపు అయిపోయేది. ఇప్పుడు టికెట్టు కొని, దాని మీద ఆన్‌లైన్ చార్జీ కట్టి, లోపల కూర్చుని అరగంట నగల దుకాణాల ప్రకటనలు చూస్తున్నాం. పైగా మంచినీళ్ళ సీసా గుమ్మం దగ్గరే లాగేసుకుంటారు. మా డేరాలోకి నాయనమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చుకునేది.

ఇంకో మాట. తెలుగు సినిమా చరిత్ర అనగానే హీరోల వంశవృక్షాలు చెప్తారు గానీ హాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. బెజవాడ మారుతి సినిమా హాలు 1921 నాటిది, ఎంతమందికి తెలుసు? పితామహుడని ఆయన పేరిట అవార్డు ఇచ్చేటప్పుడు తలుచుకునే రఘుపతి వెంకయ్య కూడా మద్రాసులో హాలు కట్టకముందు, 1910 ప్రాంతాల్లో, క్రోనోమెగాఫోన్ అనే యంత్రం మోసుకుంటూ బర్మా, సింహళం దాకా ఊరూరా బొమ్మలు చూపిస్తూ తిరిగినవాడే. అంటే మన సినిమా పుట్టింది నేల టికెట్టులోనే. దాన్ని తీసేసినవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, ఆ రాత్రికి వద్దాం. ఆలస్యమైంది కదా, రెండో ఆట జనం బయట నిలబడి ఉన్నారు. బాబాయి ఎనిమిదో రీలు ఎగరగొట్టేశాడు. దాంతో రాకుమారి మాంత్రికుడి గుహలో ఏడుస్తూ ఏడుస్తూ, మరుక్షణం తోటలో పాట పాడింది. జనం కాసేపు గోల చేసి సర్దుకున్నారు. నాయనమ్మ సర్దుకోలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు చీకట్లో నా పక్కన నడుస్తూ, టైపు గురించి ఒక్క మాట అడగలేదు. తిడుతుందని నేను తల దించుకుని నడుస్తున్నాను. మలుపు తిరిగాక ఆగి, "రోజూ పోతున్నావుగా, ఆ పిల్ల గుహలోంచి ఎట్లా బయటపడిందిరా?" అంది.

నాకేం తెలుసు? నాలుగు రీళ్ళకోసారి రెండు ఊళ్ళ మధ్య తొక్కుతూ ఉండేవాణ్ణి, ఎనిమిదో రీలు పెట్టెలోనే తప్ప తెర మీద చూసింది లేదు. కానీ తెలీదంటే టైపు సంగతి ఎత్తుతుంది. "చిలక దారి చూపించింది నాయనమ్మా. మాంత్రికుడి పంజరంలో చిలక ఉంటుంది, దానికి ఈ పిల్ల జాంపండు పెడుతుంది" అన్నాను. ఆవిడ చాలా తృప్తిపడింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ చిలక మా వీధంతా తిరిగింది. సాయంత్రానికి దానికి పూర్వజన్మ కూడా వచ్చింది.

మొన్న మా అబ్బాయి ఆ సినిమా ఫోన్‌లో వెతికిపెట్టాడు. గుహ దగ్గరికి జరిపి చూశాను. చిలకా లేదు, పాడూ లేదు. కాపలావాడు కునుకు తీస్తే రాకుమారి తలుపు తీసుకుని నడుచుకుంటూ వచ్చేసింది.