తరుగు రాయని లెక్క

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది. మన నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం బడిలో ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లలతో ఊరి నీళ్ల లెక్క రాయిస్తావట, అభివృద్ధి పాఠం దానితోనే చెప్తావట. వింటే కడుపు నిండింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

హెడ్మాస్టరు అనుమతి కాగితం మీద తీసుకో. సర్పంచుకు ముందే ఒక మాట చెప్పు. బావి గట్టు దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపకు. ఇవి నీకు తెలిసినవే.

వానమాపకం చెట్టు కింద పెడితే లాభం లేదు. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో ఖాళీ నేల మీద పెట్టు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, ఆదివారమైనా సరే. బావి మట్టాన్ని మే నెలలో, నవంబరులో తప్పకుండా కొలవండి. తెల్లవారుజామున, చుట్టుపక్కల మోటర్లు నడవకముందు కొలిస్తేనే అది అసలు మట్టం. ఒర మీద ఒకచోట రంగు గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడినుంచే తాడు దించాలి. మోటరు దించి ఉన్న బోరులో తాడు వేయకండి. పైపుకు చుట్టుకుందంటే రైతుతో తగాదా నీకే. ఫ్లోరైడు పరీక్షకు నీళ్లు ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. ఫ్లోరైడు గాజుతో కలుస్తుంది, గాజు సీసాలో పడితే లెక్క తప్పుతుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి.

మా తరం బడుల్లో ఒకే బోరును మూడు పీరియడ్లలోకి ముక్కలు చేసి చెప్పాం. సైన్సు పీరియడ్‌లో లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు పళ్లకూ ఎముకలకూ చేటన్నాం. సాంఘికశాస్త్రంలో ఉత్పత్తి పెరిగితే ఊరు బాగుపడుతుందన్నాం. లెక్కల్లో బోరు అప్పుకు మిత్తి కట్టించాం. గంట కొట్టగానే పుస్తకం మారింది. మూడూ ఒకే పొలంలో జరుగుతున్నాయని ఒక్క పిల్లవాడికీ చూపించలేదు. ఆ పిల్లలే పెద్దయి బోరుబండి పిలిపించారు. రెండు వందల అడుగుల్లో పడకపోతే నాలుగు వందలు, అక్కడా ఎండితే ఆరు వందలు. మన గ్రానైటు రాతిలోనే ఫ్లోరైడు ఖనిజాలున్నాయి. సున్నం తక్కువున్న నీరు ఆ పగుళ్లలో ఎన్నేళ్లు నిలిస్తే అంత ఫ్లోరైడును కరిగించుకుంటుంది. పైనున్న నీటిలో ఏటా కొత్త వాన కలుస్తుంది, లోతు నీటికి ఆ భాగ్యం తక్కువ. లోతుకు పోయినకొద్దీ అప్పూ పెరిగింది, చాలాచోట్ల విషమూ పెరిగింది.

దేశం లెక్కలో మాత్రం ఇదంతా పెరుగుదలే. బోరుబండి డీజిలు, కేసింగు పైపు, మోటరు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, మోకాళ్ల నొప్పికి డాక్టరు ఫీజు, అన్నీ ఉత్పత్తిలో కలుస్తాయి. ఇంకో మాట పిల్లలకు తప్పక చెప్పు. నికర ఉత్పత్తి కట్టేటప్పుడు మోటరు అరిగినందుకు తరుగు తీసేస్తారు. ఆ మోటరు తోడేసిన నీటికి తరుగు తీయరు! జాతీయాదాయం లెక్కకు రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెసుకు, ఈ అంకెను చూసి ప్రజల బాగును తేల్చలేమని రాసిచ్చాడు. తరుగంటే ఏమిటో మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, వడ్ల కొనుగోలు కేంద్రంలో వాళ్ల నాన్నల బస్తాల మీద తీస్తారు కదా. అదే మాటతో మొదలుపెట్టు.

లెక్క ఇలా కట్టించు. మోటరు పోసే దగ్గర రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండేందుకు ఎన్ని సెకండ్లో చూడాలి. 80 సెకండ్లయితే గంటకు 9,000 లీటర్లు, ఎనిమిది గంటలకు 72,000. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. అంటే ఒక రోజులో ఎకరానికి దాదాపు 18 మిల్లీమీటర్లు తోడాం. మన దగ్గర ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. గ్రానైటు నేలలో అందులో భూమిలోకి దిగేది దాదాపు పదో వంతు, 70 మిల్లీమీటర్లు. నాలుగు రోజుల మోటరుకు ఆ ఎకరం ఏడాది వాటా అయిపోయింది. పిల్లలు ఈ భాగహారం చేసి తలెత్తి చూసేటప్పుడు నువ్వేమీ మాట్లాడకు. వాళ్లనే అడగనీ.

వరిమడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది. ఆ గడి కూడా పట్టికలో ఉండాలి. లేకుంటే యాసంగి వరి వేసే మొదటి రైతే నీ లెక్క తప్పంటాడు, అతని మాట నిజం కూడా. మన తెలంగాణలో పొలాలకు ఉచిత కరెంటు ముందే ఉంది, 2018 జనవరి 1 నుంచి దాన్ని 24 గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. బిల్లు లేనిచోట నీటి ఖర్చు ఎవరి కంటికీ కనబడదు. ఐదు హార్స్‌పవర్ మోటరుకు గంటకు సుమారు 3.7 యూనిట్లు వేసుకుని ఆ గడీ నింపించు.

నా అసలు భయం వేరే. గోడ మీద పెట్టే పట్టికలో రైతు పేరు రాయకు, బోరుకు నంబరు వేస్తే చాలు. అప్పు చేసి బోరు వేసినవాడు దొంగ కాదు. కన్నకూతురు బడిలో తన పేరు చదివి తలదించుకుంటే, ఆ ఇంట్లో చదువు మీద గౌరవం పోతుంది. కాళ్లు వంకరపోయిన పిల్లలుంటే, చూడవచ్చిన అధికారుల ముందు వాళ్లను నిలబెట్టకు, ఫోటో తీయనివ్వకు. మన మునుగోడు, మర్రిగూడ వైపు మనుషులను ఇప్పటికే చాలా ఫోటోలు తీశారు. అలాంటి పిల్లలకు డ్రమ్ము దగ్గర గడియారం చూసే పని ఇవ్వు. కూర్చుని చేసే పని, అందరికీ కావలసిన పని.

నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి కదా, ఫ్లోరైడు కథ ముగిసిందని ఎవరో అంటారు. పొలంలో దాహమేస్తే తాగేది బోరు నీళ్లే. నాట్లకు వెళ్లే తల్లులు సీసా వెంట తీసుకెళ్తున్నారో లేదో పిల్లలతో అడిగించు.

పరీక్షలకు సిలబస్ అయిందా అని పైవాళ్లు అడుగుతారు. ఏ కొలత ఏ పాఠానికి చెందిందో, ఏ తేదీన చేశారో నోట్‌బుక్కులో పక్కనే రాసి ఉంచు. నువ్వు బదిలీ అయితే తర్వాత వచ్చే టీచరుకూ అదే దిక్కు. అందుకని అంకెలు ఫోన్‌లో పెట్టుకోకు, పెద్ద రిజిస్టరు కొని బడి బీరువాలో పెట్టు. ఎండలో తిరిగేటప్పుడు తలకు బట్ట కట్టుకో, మొండితనం చేయకు.

తాడుకు మీటరుకొక ముడి వేసి పంపుతున్నా. తడిసి ఆరితే తాడు పొడవు కాస్త మారవచ్చు. కొలిచే ముందు టేపుతో ఒకసారి సరిచూసుకో.

నీ పెద్దబాపు