మార్వాడీ గుర్రం గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను కాబట్టి అంచుల్లో గీతలు చూసి కంగారు పడకు. రాజస్థాన్‌లోని మార్వాడ్ ప్రాంతపు గుర్రం జాతి మీద ఇంత ఇష్టంతో తెలుగులో రాయడం నాకెంతో సంతోషం కలిగించింది. ఆ ఇష్టాన్ని తగ్గించమని ఎక్కడా అనను.

మొదటి పేరా హల్దీఘాటీ యుద్ధంతో ఎత్తుకున్నావు. 1576 జూన్ 18, రాణా ప్రతాపుడు, గాయపడిన కాలితోనే వాగు దూకి యజమానిని గట్టెక్కించి ప్రాణం విడిచిన ఆయన గుర్రం చేతక్. ఆ వెంటనే 'చేతక్ వంశానికి చెందిన ఈ మార్వాడీ జాతి' అనేశావు. నేనూ తొలి వ్యాసంలో ఇదే మాట రాశాను. అది అచ్చయిన నెలకి సౌరాష్ట్ర నుంచి ఉత్తరం వచ్చింది. రాసినాయన కాఠియావాడీ గుర్రాలు పెంచుతాడు. 'చేతక్ మా జాతిదని మా తాతల నుంచి వింటున్నాం. మీరు ఏ ఆధారంతో మార్వాడ్‌కు ఇచ్చేశారు?' అని అడిగాడు. ఆధారం కోసం నెలల తరబడి వెతికాను. యుద్ధం నాటి రాతల్లో ఆ గుర్రం పేరే లేదు. కథ తర్వాతి కాలపు చారణుల, అంటే వీరగాథలు పాడే కవుల, పాటల్లో పెరిగింది. 1829లో ఆంగ్లేయ అధికారి జేమ్స్ టాడ్ తన రాజస్థాన్ చరిత్రలో దాన్ని అచ్చు వేయించాక దేశమంతా పాకింది. పేరు కూడా నమోదు కాని గుర్రానికి నేను జాతి అంటగట్టాను. ఆయనకు క్షమాపణ రాశాను. ఆయన ఆ ఉత్తరాన్ని పెద్దమనసుతో తీసుకున్నాడు గాని, నాకు ఆ సిగ్గు చాలాకాలం పోలేదు.

చేతక్‌ను తీసేయమనడం లేదు. 'రాజస్థాన్‌లో ఇలా పాడుకుంటారు' అని రాయి. గెలిస్తే, చనిపోతే, గాయపడిన రౌతును భద్రంగా చేర్చాల్సి వస్తే తప్ప ఈ గుర్రం రణభూమి వదలదన్న మాట కూడా అలాంటిదే. కచ్ తీరంలో ఓడ మునిగి ఏడు అరబ్బీ గుర్రాలు ఒడ్డుకు చేరాయని, అవే ఈ జాతికి మూలమని చెప్పే కథా అలాంటిదే. ఆ ఓడ కథ పక్కన 2014లో వెలువడిన జన్యు అధ్యయనాన్ని పెట్టి చూడు. మార్వాడీ గుర్రం జన్యుక్రమం మొత్తాన్ని చదివిన శాస్త్రవేత్తలకు అందులో అరబ్బీ గుర్రాల వంశపు అంశ, దాంతోపాటు మంగోలియా గుర్రాల అంశ కనిపించాయి. అంటే ఓడ వచ్చిందో లేదో గాని పడమటి రక్తం వచ్చింది, ఉత్తరాన గడ్డిమైదానాల నుంచి మరో రక్తం కూడా వచ్చి కలిసింది. కథ, పరిశోధన ఇలా ఎదురెదురుగా కూర్చుంటే చదివేవాడు తనంతట తానే ముందుకు వంగుతాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ వ్యాసంలో చెవుల మీద నాలుగు పేరాలున్నాయి, కాళ్ల మీద ఒక్క వాక్యం కూడా లేదు.

ఆ చెవులు అందమైనవే. కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకితే తలమీద తోరణం కట్టినట్టుంటుంది. ఆ చెవులకు ఏమేం జరిగిందో చూడు. ఆంగ్లేయుల కాలంలో దొరలకు థరోబ్రెడ్లనే పందెపు గుర్రాలు, పోలో గుర్రాలు కావాలి. ఈ మెలి తిరిగిన చెవులు 'నాటు గుర్రం గుర్తు' అని ఎగతాళి చేశారు. 1930ల నాటికి సరైన పెంపకం లేక జాతి క్షీణించింది. స్వాతంత్ర్యం వచ్చాక జాగీర్లు పోయాయి, గుర్రాల మీద యుద్ధం చేసే కాలమూ పోయింది. మేపే స్తోమత లేక ఎన్నో గుర్రాలను బరువులు మోయడానికి అమ్మేశారు, వంశం నిలపాల్సిన మగగుర్రాలకు విత్తులు కొట్టించారు, కొన్నిటిని చంపేశారు. అదే చెవి ఇవాళ సంతలో ధర పెంచుతోంది. చెవి మారలేదు, దాని గురించి మనుషులు చెప్పుకునే మాట మారింది. ఎగతాళి ఒక తరం గుర్రాలను చంపింది, పొగడ్త ఇంకో తరాన్ని పుట్టించింది. రెండూ మాటలే. మనం చేసే పనీ మాటలతోనే కాబట్టి ఇది నీకు చెప్పకుండా ఉండలేను.

ఒక ప్రదర్శనలో మూడేళ్ల మగగుర్రాన్ని చూశాను. చెవుల కొనలు గీత గీసినట్టు కలిశాయి. మెడ ఎత్తు, ఒంటి నిగనిగ చూసి జనం విరగబడ్డారు. నా పక్కనున్న ముసలి సైసు, గుర్రాలను సాకేవాడు, మాత్రం తల ఎత్తలేదు. దాని వెనక కాళ్లే చూస్తున్నాడు. మోకీళ్లు లోపలికి వంగి దాదాపు రాసుకుంటున్నాయి. 'ఇది ఇసుకలో రెండు కోసులు కూడా పోలేదు. అయినా ఏడాదికి ఎన్ని ఆడగుర్రాలకు దీన్ని కట్టిస్తారో చూడండి' అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి చెవుల గురించి ఒక వాక్యం రాస్తే కాళ్ల గురించి రెండు రాయాలని నియమం పెట్టుకున్నాను. ప్రదర్శనల కోసం పెంచే ఏ జాతిలోనైనా, దేన్ని పొగిడితే పెంపకందార్లు దాన్నే ఎంచుకుంటారు. పత్రికలో మనం రాసిన విశేషణం నాలుగు తరాల తర్వాత గుర్రప్పిల్ల ఎముకల్లో తేలుతుంది.

అందుకే నల్లగుర్రం గురించి నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను. 'నల్లనిది అశుభం' అని నీ గొంతుతో రాశావు. అలా నమ్మేవాళ్లున్నారు, అది నిజం. 'కొనేవాళ్లు నలుపును మృత్యువు రంగుగా చూస్తారు, కాబట్టి ధర పలకదు' అని రాస్తే సమాచారం. నువ్వే అశుభం అంటే తీర్పు. సుడుల విషయమూ అంతే. మెడమీద పొడవుగా సాగే సుడిని 'దేవ్‌మన్' అంటారు, అదృష్టమంటారు. కళ్ల కింద సుడి ఉంటే బేరం తిరుగుతుంది. ఎద్దును కొనేటప్పుడు సుడి చూసే రైతులున్న భాషలో పుట్టినదానివి, ఆ నమ్మకాన్ని తక్కువ చేసి రాయవని తెలుసు. నాలుగు కాళ్లూ తెల్లగా, ముఖాన తెల్లచార ఉన్న గుర్రానికి అక్కడా గిరాకీ ఎక్కువే. మన కథల్లో పంచకల్యాణి అదే కదా! ఆ మాట వాడు. పాఠకుడికి చిన్నప్పటి గుర్రం కళ్లముందు మెదులుతుంది.

బతికించినవాళ్ల గురించి నీ వ్యాసంలో మూడే లైన్లున్నాయి, నా మటుకు అదే కథకు గుండెకాయ. జోధ్‌పూర్ మహారాజా ఉమేద్ సింగ్ పూనుకోకపోతే 20వ శతాబ్దం తొలి సగంలోనే ఈ జాతి అంతరించేది. ఆ పనిని మనవడు గజ్ సింగ్ కొనసాగించాడు. ఫ్రాన్సెస్కా కెల్లీ అనే విదేశీ మహిళ, రాజస్థాన్‌లోని డూండ్‌లోద్‌కు చెందిన రఘువేంద్ర సింగ్ కలిసి 1999లో దేశీయ గుర్రాల సంఘం పెట్టారు. ఎన్నో ఏళ్ల ఎగుమతి నిషేధం తర్వాత 2000లో తొలిసారి మార్వాడీ గుర్రం అమెరికా వెళ్లింది. 2009లో తపాలా శాఖ దేశీయ గుర్రాల బిళ్లలు వేస్తే అందులో మార్వాడీ ఒకటి. ఎగుమతులు, బిళ్లలు త్వరగా దాటెయ్, వాటిమీద ఆగొద్దు.

ఆగాల్సింది నమోదు పుస్తకం దగ్గర. 2009లో మొదలైన నమోదులో గుర్రాన్ని జాతి ప్రమాణాలతో సరిచూస్తారు, కొలతలూ గుర్తులూ రాసుకుంటారు, చల్లబరిచిన లోహంతో ఒంటిమీద సంఖ్య వేస్తారు, ఫొటో తీస్తారు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కాని అంతవరకూ 'మా గుర్రం తండ్రి ఫలానా' అన్నది అమ్మేవాడి నోటిమాట. ఆ సంఖ్య పడ్డాక అది ఎవరైనా తిరగేసి చూడగలిగే విషయం. ఎంత పెద్ద పొగడ్త అయినా చేయలేని మేలు ఆ సంఖ్య చేస్తుంది. దాని మీద ఒక పేజీ రాయి. ఆ ముద్ర వేయించుకునేటప్పుడు గుర్రం ఎలా నిలబడిందో, దాన్ని పట్టుకున్నవాడు చెవిలో ఏమన్నాడో చూసి రాయి.

2019 పశుగణనలో మార్వాడీ గుర్రాలు 33,267. 'వేల సంఖ్యలో ఉన్నాయి' అని నువ్వు రాసినది తప్పు కాదు గాని, చదివితే నిశ్చింత కలుగుతుంది. దేశంలో గుర్రాలన్నీ కలిపి 3 లక్షల 40 వేలే అని పక్కన రాస్తే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వారి బికనేర్ ప్రాంతీయ శాఖలో 2023 మే 19న పిండమార్పిడి ద్వారా, వేరే తల్లి గర్భంలో పెరిగి ఒక ఆడ గుర్రప్పిల్ల పుట్టింది. 23 కిలోల బరువు. 'రాజ్ ప్రథమ' అని పేరు పెట్టారు. నీ వ్యాసం చివర 'ఉజ్వల భవిష్యత్తు' అన్న పేరా బదులు ఈ పిల్లను నిలబెట్టు.

భాష గురించి కొంచెం. నడకలు చెప్పడానికి ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు ధారలూ నిఘంటువులోంచి దించావు. ఏది ఏ నడకో నీకు కనిపించిందా? కనిపించకపోతే తీసెయ్. మన ప్రబంధాల్లో జోడన, జంగనడక, రవగాలు అనే మాటలున్నాయి. మార్వాడీ గుర్రానికి 'రేవాల్' అని ఒక నడక ఉంది. రౌతు ఒళ్లు కుదపకుండా నీళ్లమీద పడవలా సాగిపోతుంది, ఇసుకలో రోజంతా పోవడానికి అదే ఆధారం. రవగాలు అన్న మాటను దాని పక్కన పెట్టి పలికి చూడు, ఎంత దగ్గరగా వినిపిస్తుందో. నేనైతే ఆ రెండు మాటల మధ్య ఒక సాయంత్రమంతా కూర్చుండిపోయాను. చెవులు 180 డిగ్రీలు తిరుగుతాయని ప్రత్యేకతగా రాశావు. ఏ గుర్రం చెవైనా తిరుగుతుంది. కరపత్రాల్లో చదివి ఉంటావు. కరపత్రం రాసేవాడికి అమ్మే పని ఉంది, నీకు లేదు.

కార్తీక పౌర్ణమికి పుష్కర్ మేళా. వెళ్తానన్నావు కదా, కెమెరాతో పాటు కొలత టేపు పట్టుకెళ్లు. మూపు దగ్గర ఎత్తు కొలవడం ఎవరినైనా అడిగి నేర్చుకో. సాధారణంగా 14 నుంచి పదిహేనున్నర హ్యాండ్ల మధ్య ఉంటాయి, హ్యాండ్ అంటే 4 అంగుళాలు. అమ్మేవాడు చెప్పిన ఎత్తు, నీ టేపు చెప్పిన ఎత్తు రెండూ పుస్తకంలో రాసుకో. నాట్యం చేసే గుర్రం దగ్గర జనం మూగుతారు, నువ్వు కాసేపు వెనక కట్టుకొయ్యల దగ్గర కూర్చో. సైసులు మేత కలిపే వేళ బాగా మాట్లాడతారు. ఆ ముసలాయన అక్కడుంటే నా నమస్కారం చెప్పు. వెనక కాళ్లు ఎలా చూడాలో ఆయన చూపించాక రెండో ప్రతి రాసి పంపు. పెన్సిలు చెక్కి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు