లిఫ్ట్ చేసిన పికప్‌కి 35లు వేయాలా, వద్దా?

ప్రశ్న: నమస్తే అండీ. మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. ఈ మధ్యే 2021 ఫోర్డ్ ఎఫ్-150 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 3.5 ఎకోబూస్ట్ ఇంజిన్, 4×4, యాక్సిల్ గేరు నిష్పత్తి 3.55. పాత ఓనర్ బండిని ఎత్తు చేసే 4 ఇంచుల లిఫ్ట్ కిట్ వేయించాడు గానీ టైర్లు మాత్రం కంపెనీ సైజే, 275/65 ఆర్18, ఉంచేశాడు. పెద్దమనిషి చిన్నపిల్లాడి చెప్పులు తొడుక్కున్నట్టుంది బండి. ఒక షాపులో 35×12.50 ఆర్20 టైర్లు (35 ఇంచుల ఎత్తు, 12.50 ఇంచుల వెడల్పు), 10 ఇంచుల వెడల్పు రిమ్ములు కలిపి ప్యాకేజీ చెప్పారు. రోజూ టోల్‌వే మీద ఆఫీసుకి వెళ్లి వస్తాను, వేసవిలో బోటు కట్టుకుని లేక్ టెక్సోమాకి వెళ్తాం, ఏడాదికోసారి బిగ్ బెండ్ వైపు మట్టి రోడ్లు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ఫ్రెండ్స్ 35లు వేసెయ్ అంటున్నారు, మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ప్యాకేజీ తీసుకోకండి. ఈ విషయంలో మీ ఇంట్లో వాళ్ల మాటే కరెక్టు. మీకున్న 18 ఇంచుల రిమ్ముల మీదే ఎల్‌టీ (లైట్ ట్రక్) 275/70 ఆర్18, లోడ్ రేంజ్ ఇ (ఎక్కువ బరువు మోసే గట్టి రకం), ఆల్ టెరైన్ (తారు రోడ్డుకీ మట్టి రోడ్డుకీ పనికొచ్చే) టైర్లు వేయించండి. ఎందుకో చెబుతాను. కొంచెం లెక్కలుంటాయి, ఓపిగ్గా చదవండి, ఇది మీ పిల్లలు కూర్చునే బండి.

ముందు సైజు చదవడం. 275 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, 18 రిమ్ము ఇంచుల్లో. కంపెనీ టైరు లెక్కేస్తే మొత్తం ఎత్తు సుమారు 32.1 ఇంచులు, నేను చెప్పిన టైరు 33.2. 35×12.50 అని రాసున్న టైరు నిజంగా కొలిస్తే చాలావాటికి 34.5 దగ్గరే వస్తుంది. అంటే మీరు తేడా అనుకుంటున్న 3 ఇంచులు అసలు 2.4 మాత్రమే, అందులో బండి కింద పెరిగేది సగం, ఎందుకంటే టైరు పెరిగినదాంట్లో సగం ఇరుసుకి పై వైపు పోతుంది.

ఇక్కడే చాలామంది పొరపడేది ఒకటుంది. 4 ఇంచుల లిఫ్ట్ చేశాం కాబట్టి రాళ్ల మీద 4 ఇంచులు ఎక్కువ ఖాళీ వచ్చిందనుకుంటారు. రాదు. వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు) ఇరుసుతో పాటే ఉంటుంది, దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. ముందు వైపు కూడా ఈ రకం కిట్లలో చాలావాటికి బ్రాకెట్లు పెట్టి డిఫరెన్షియల్‌ని కిందికి దించుతారు, లేకపోతే యాక్సిల్ షాఫ్టులు మరీ వాలిపోతాయి. కాబట్టి మట్టిరోడ్డుకి పెద్ద టైరు పనికొస్తుందన్న మాట నిజమే, కాదనను. కానీ మీరు ఏడాదికోసారి వెళ్లే కంకర రోడ్డుకి అర ఇంచు ఎక్కువైనా, ఒక ఇంచు పైన ఎక్కువైనా వచ్చే తేడా చాలా తక్కువ. అక్కడ మిమ్మల్ని కాపాడేది గట్టి పక్కగోడ.

అసలు సంగతి బరువు మోసే శక్తి. దీని గురించి షాపులో ఒక్కరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. ఎల్‌టీ 275/70 ఆర్18 లోడ్ రేంజ్ ఇ టైరుకి అది మామూలుగా 125, అంటే 80 పీఎస్‌ఐ గాలి దగ్గర ఒక్కో టైరు 3,640 పౌండ్లు మోస్తుంది. 35×12.50 ఆర్20, అదే లోడ్ రేంజ్ ఇ, చాలా బ్రాండ్లలో 121 ఉంటుంది, అంటే 65 పీఎస్‌ఐ దగ్గర 3,195 పౌండ్లే. చూడ్డానికి భారీగా ఉన్న టైరు మోసేది తక్కువ! లోడ్ రేంజ్ ఎఫ్ తీసుకుంటే ఆ తేడా పోతుంది కానీ టైరు ఇంకా బరువెక్కుతుంది, రైడ్ ఇంకా గట్టిపడుతుంది. అయినా అదొక్కటే లోపం కాదు, 35 టైరు ఒక్కోటి 60, 70 పౌండ్ల దాకా తూగుతుంది, కంపెనీదాని కంటే పాతిక పౌండ్లు ఎక్కువ వేసుకోండి. నాలుగింటికి వంద పౌండ్లు, దానికి తోడు లిఫ్ట్ కిట్ బరువు, అదంతా మీ పేలోడ్‌లోంచి, అంటే బండి మోయగలిగే బరువులోంచి, తీసేయాల్సిందే. డ్రైవర్ డోర్ తెరిస్తే లోపలి అంచు మీద తెల్ల స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని. ఇవాళే దాన్ని ఫోటో తీసుకోండి. అందులోంచి కిట్, టైర్లు తీసేసి, మీ నలుగురి బరువు, బోటు ట్రైలర్ హిచ్ మీద మోపే బరువు తీసేసి చూడండి, ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

తర్వాత గేరు. 34.5 ఎత్తు టైరు వేస్తే మీ 3.55 యాక్సిల్ 3.30 లాగా పనిచేస్తుంది, అంటే లాగుడు తగ్గుతుంది, ఫోర్డ్ వాళ్లే ఇచ్చే 3.31 యాక్సిల్‌తో సమానం అన్నమాట. ఖాళీగా వెళ్తున్నప్పుడు ఎకోబూస్ట్ టార్క్, 10 గేర్లు దాన్ని కప్పేస్తాయి, మీ ఫ్రెండ్స్ బాగానే ఉందనడం అందుకే. ఎదురుగాలిలో బోటు లాగుతున్నప్పుడు మాత్రం గేరుబాక్స్ పైకీ కిందికీ వెతుక్కుంటూనే ఉంటుంది, ఆయిల్ వేడెక్కుతుంది. మళ్లీ మామూలు లాగుడు రావాలంటే 3.73 గానీ 4.10 గానీ గేర్లు మార్చాలి, 4×4 కాబట్టి ముందూ వెనకా రెండూ. ఆ ఖర్చు ప్యాకేజీ ధరలో ఉండదు.

స్పీడోమీటర్ కూడా తప్పుతుంది. 35లతో మీటర్ 70 చూపిస్తుంటే మీరు నిజానికి 75 మీద ఉంటారు. 275/70 తో అయితే 72 పైచిలుకు. ఏది వేసినా ఫోర్‌స్కాన్ లాంటి టూల్‌తో టైరు చుట్టుకొలత కొత్తది ఎక్కించుకోండి, లేదా డీలర్ దగ్గర చేయించండి.

ఇక రిమ్ముల మాట. 12.50 వెడల్పు టైరుకి కనీసం 8.5 ఇంచుల రిమ్ము కావాలి, మీ కంపెనీ రిమ్ము 7.5, అందుకే ప్యాకేజీలో కొత్తవి అంటగడుతున్నారు. మీ రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీతకీ, హబ్‌కి బిగించే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) +44. ఆ 10 ఇంచులవి మైనస్ ఆఫ్‌సెట్‌లో ఉంటే టైరు బయటికి పొడుచుకొస్తుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఇంకా పెద్ద వలయంలో తిరిగి వెనకవైపు లైనర్‌కీ (చక్రం గూడు లోపలి ప్లాస్టిక్) బంపర్ అంచుకీ రాసుకుంటుంది, వీల్ బేరింగుల మీద, బాల్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది. లిఫ్ట్ ఎక్కువ ఉంటే రాసుకోదనుకోవడం తప్పు. రాసుకోవడం చాలాసార్లు ఎత్తు వల్ల కాదు, ఆఫ్‌సెట్ వల్ల.

లుక్ కోసం మీ మనసు అస్సలు ఒప్పుకోకపోతే గరిష్ఠంగా ఎల్‌టీ 295/70 ఆర్18 దాకా వెళ్లండి. ఎత్తు 34.3, దాదాపు 35 లాగే కనిపిస్తుంది, వెడల్పు తక్కువ కాబట్టి రాసుకోవడమూ తక్కువే, లోడ్ రేంజ్ ఇ లో మోసే శక్తి ఇంకా ఎక్కువ. అయితే గేరు సమస్య మాత్రం 35లకి ఉన్నట్టే ఉంటుంది, అందుకే నా మొదటి మాట 275/70 యే.

ఏ టైరైనా షాపులోంచి బయటికి రాకముందే ఈ పరీక్ష చేయండి. ముందు కుడి చక్రాన్ని ర్యాంప్ మీదకి గానీ ఎత్తైన కర్బ్ మీదకి గానీ నెమ్మదిగా ఎక్కించి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పండి. బండి పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, దిగి, టైరు వెనక అంచుకీ లైనర్‌కీ మధ్య చెయ్యి పెట్టి చూడండి. ఒక వేలు మందం కూడా ఖాళీ లేకపోతే రోడ్డు గుంతలో అది కచ్చితంగా తగులుతుంది. రెండో పక్కకి తిప్పి మళ్లీ చూడండి. తర్వాత ఎడమ చక్రం.

గాలి గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా ట్రక్కుకి ఎల్‌టీ టైర్లు వేయిస్తే, షాపు కుర్రాడు పక్కగోడ మీద రాసున్న గరిష్ఠం చూసి నాలుగింట్లోనూ 80 కొట్టి పంపాడు. ఆ సాయంత్రం వాన పడింది, ఫ్లైఓవర్ వంపులో జాయింట్ మీద వెనక చక్రాలు ఎగిరి పక్కకి జారాయి. స్టీరింగ్ కదపకుండా యాక్సిలరేటర్ వదిలితే బండి సర్దుకుంది గానీ, వెనక మా అమ్మ కూర్చుని ఉంది, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. 80 అనేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ బండికి కావాల్సిన గాలి కాదు. అలాగని డోర్ మీద రాసిన 35 కూడా చాలదు, ఎందుకంటే ఎల్‌టీ టైరు అదే బరువు మోయాలంటే ఇంకో పది పన్నెండు ఎక్కువ కావాలి. టైరు కంపెనీ లోడ్ టేబుల్ (ఏ బరువుకి ఎంత గాలి కావాలో చెప్పే పట్టిక) అడిగి తీసుకుని, రోజువారీకి ఎంత, బోటు కట్టినప్పుడు వెనక ఎంత అని రెండు అంకెలు రాసి పెట్టుకోండి. సరిపోయిందా లేదా అన్నదానికి చాక్‌పీస్ చాలు. టైరు రోడ్డుకి ఆనే భాగం మీద అడ్డంగా గీత గీసి, నేరుగా ఉన్న రోడ్డు మీద కాస్త దూరం నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. అయితే లోడ్ టేబుల్ చెప్పిన అంకె కంటే కిందికి మాత్రం దిగొద్దు.

మిగిలినవి గబగబా. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి, 4×4లో ఒక చక్రం చిన్నదైతే డ్రైవ్‌లైన్ పాడవుతుంది. బెడ్ కింద పడుతుందో లేదో ముందే కొలవండి. వీల్ నట్లు 150 పౌండ్-ఫీట్ టార్క్‌తో బిగించి, 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ చూడాలి. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు సరిచేయించండి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, మీ కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. అంటే మీ టైర్లు ఏడాదికోసారి చూసే మనిషి ఇక లేడు, మీరే చూసుకోవాలి.

ప్రశ్న: మాది నెల్లూరు. ఇసుజు వి-క్రాస్ ఉంది, 255/60 ఆర్18 టైర్లు. మారేడుమిల్లి ఘాట్లకి వెళ్తుంటాం. లిఫ్ట్ చేయించి 33లు వేస్తే ఎలా ఉంటుంది అన్నా?

జవాబు: తమ్ముడూ, అమెరికా లెక్క ఇక్కడ నడవదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పెట్టారు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర గొడవ వేరే. 33 ఇంచుల టైరు మీ దానికంటే 8 శాతం పైన పెద్దది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీద ఆ భారం పడుతుంది. ఆల్ టెరైన్ రకంలో 265/60 ఆర్18 అడగండి, ఎత్తు తేడా ఒకటిన్నర శాతమే, లోడ్ ఇండెక్స్ ఇప్పుడున్న టైరు కంటే తగ్గకుండా చూడండి. మీ బండి తయారయ్యేది మీకు దగ్గర్లోనే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో. కొనేముందు సర్వీస్ సెంటర్లో ఆ సైజుకి ఒప్పుకుంటారా అని కాగితం మీద రాయించుకోండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చూడండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. రెండేళ్ల నాటి స్టాకు అంటగడితే వద్దని చెప్పేయండి.