కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనవడం) అయ్యాక ఎంత రెస్ట్, ఎప్పుడు నడక?
అన్నా, మీ తమ్ముడు బెంగళూరు జయనగర్‌లో బైక్ మీంచి పడి మూడు వారాలైంది, స్కాన్ నార్మలే గానీ లేస్తే తల తిరుగుతోందని చీకటి గదిలోనే ఉంచామన్నారు కదా, అదే ఆపండి ముందు. రెస్ట్ మొదటి 24 నుంచి 48 గంటలకే, ఆటల్లో తగిలే కంకషన్లపై 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన నిపుణుల సదస్సు కూడా ఆ తర్వాత మెల్లగా కదలమనే చెప్పింది. డాక్టర్‌ని ఒకమాట అడిగి పొద్దున్నే లాల్‌బాగ్‌లో మీరు పక్కనుండి 10 నిమిషాలు నడిపించండి, అక్కడున్న పెద్ద రాతి బండ మాత్రం ఎక్కించొద్దు. బయల్దేరేముందు తలనొప్పి పదికి ఎంతో అడగండి, 2 అన్నాడనుకోండి, 4 దాకా పెరిగి గంటలోపే తగ్గితే భయం లేదు, దాటితే ఆపేసి మర్నాడు ఇంకొంచెం తక్కువ. తల తిరగడానికి వెస్టిబ్యులర్ ఫిజియో అని, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించేవాళ్ళు వేరే ఉంటారు, మెడ కూడా చూపించండి. బైక్, క్రికెట్ ఇప్పుడే వద్దు. వాంతులైనా, నొప్పి పెరుగుతూపోయినా, మాట తడబడినా ఆలోచించకుండా నిమ్హాన్స్ (బెంగళూరులోని మెదడు, నరాల ఆస్పత్రి) ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.