పాఠకుల ప్రశ్నలు: సంస్మరణ బోర్డుపై అభ్యంతరం

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో సెప్టెంబరు 14న ఆసియా మైనరు (అనటోలియా, అంటే నేటి టర్కీలోని ఆసియా భాగం) గ్రీకుల సంస్మరణ దినం జరపాలని ప్రిన్సిపాల్ పేరుతో సర్క్యులర్ వచ్చింది. బోర్డు మీద "1919లో గ్రీకు సైన్యం తనవాళ్లను కాపాడటానికి స్మిర్నాలో దిగింది. 1922లో టర్కులు ఊరు తగలబెట్టి గ్రీకులను తుడిచిపెట్టారు" అని రాశారు (స్మిర్నా అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్). ఇది ఒకవైపు చరిత్రే. అభ్యంతరం ఎలా రాయాలి?
– చరిత్ర విద్యార్థి, తిరుపతి

జవాబు: సంస్మరణ ఆపమని అడగకండి, ఆ వాక్యాలు మార్చమని అడగండి. ఆ ఏళ్లలో అనటోలియా గ్రీకులు లక్షల్లో చనిపోయారు. దాన్ని కాదన్నట్టు ఒక్క ముక్క కనిపించినా మీ కాగితాన్ని పక్కన పడేస్తారు. పడేయాలి కూడా.

ముందు ఆ తేదీ ఎక్కడిదో రాయండి. సెప్టెంబరు 14ను జాతిహత్య స్మారక దినంగా 1998లో చట్టం చేసింది గ్రీసు పార్లమెంటు. నల్లసముద్ర తీరపు పాంటస్ గ్రీకుల కోసం మే 19ని 1994లోనే ప్రకటించింది. అదే మే 19 టర్కీకి జాతీయ పండుగ. 1919లో టర్కీ స్థాపకుడు ముస్తఫా కెమాల్ సామ్సున్ రేవులో దిగిన రోజది. సెప్టెంబరు 14 గ్రీసు చట్టం పెట్టిన తేదీ అన్న సంగతి సర్క్యులర్‌లో లేకపోవడమే మీ మొదటి అభ్యంతరం కావాలి. జాతిహత్య అన్న ఆరోపణను టర్కీ ఒప్పుకోదు. అంతర్జాతీయ జాతిహత్యా అధ్యయనవేత్తల సంఘం మాత్రం 2007లో ఒప్పుకుంది. ఎదుటివాళ్లు దీన్ని ఎలాగూ తెస్తారు కాబట్టి మీరే ముందు రాసేయండి.

మొదటి వాక్యాన్ని గట్టిగా పట్టుకోవచ్చు. 1919 మే 15న సైన్యం దిగిన రోజే ముస్లింల హత్యలు, దోపిడీలు జరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గెలిచిన మిత్రరాజ్యాల విచారణ సంఘం అదే ఏడాది గ్రీకు అధికారులను తప్పుపట్టింది. 1922లో వెనుదిరుగుతూ ఆ సైన్యం మనీసా, అలాషెహిర్ పట్టణాలను తగలబెట్టింది. మీరు జతచేయాల్సిన పత్రం 1923 లోజాన్ సంధిలోని 59వ అధికరణం. యుద్ధ నియమాలకు విరుద్ధంగా తన సైన్యం అనటోలియాలో చేసిన నష్టానికి పరిహారం చెల్లించే బాధ్యత తనదేనని గ్రీసు అందులో ఒప్పుకుంది. గ్రీసు ఆర్థిక స్థితి చూసి టర్కీ ఆ పరిహారం వదులుకుంది. రెండు దేశాలూ సంతకం పెట్టిన పత్రం కనుక దాన్ని పక్షపాతమని ఎవరూ అనలేరు. రాయబార కార్యాలయాల వెబ్‌సైట్ల ప్రింటవుట్లకు ఆ బలం ఉండదు.

రెండో వాక్యం దగ్గర జాగ్రత్త. 1922 సెప్టెంబరు 9న టర్కీ సైన్యం స్మిర్నాలో ప్రవేశించింది. 13న మంటలు లేచాయి. గ్రీకు, ఆర్మీనియన్ పేటలు బూడిదయ్యాయి, టర్కుల పేట చాలావరకు మిగిలింది. టర్కీ సైనికులే అంటించారని ఎందరో ప్రత్యక్ష సాక్షులు చెప్పారు, టర్కీ కాదంటుంది. ఇంతవరకే రాయండి. "గ్రీకులే కాల్చుకున్నారు" అని రాశారంటే ఆ బోర్డుకంటే మీరే ఎక్కువ ఒరిగినట్టు.

కాగితం ఒక పేజీ మించకూడదు. బోర్డు వాక్యం ఉన్నదున్నట్టు, దాని కింద లోపం, ఆ కింద మీరు కోరే వాక్యం. సైప్రస్ దీవిపై గ్రీకులకు, టర్కులకు 1974లో వచ్చిన గొడవను ఇందులోకి లాగకండి, అసలు విషయం జారిపోతుంది. ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. సర్క్యులర్ కాపీ ఇవ్వబోమని వాళ్లంటే, మీది ప్రభుత్వ కాలేజీ అయితే, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి ఆగస్టు మొదటివారం దాటనివ్వొద్దు.

ప్రశ్న: 1923లో గ్రీసు, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో ఎవరు గ్రీకు, ఎవరు టర్కు అన్నది భాషను బట్టి తేల్చారా?
– పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కాదమ్మా, మతాన్ని బట్టి. జనవరి 30 నాటి ఒప్పందం ప్రకారం సుమారు 12 లక్షల ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసు లెక్కలో పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే పారిపోయి వచ్చినవాళ్లు. మూడున్నర నుంచి నాలుగు లక్షల ముస్లింలు టర్కీకి వెళ్లారు. ఇంట్లో టర్కిష్ మాట్లాడే కరమన్లీ క్రైస్తవులను గ్రీసుకు, గ్రీకు తప్ప మరో భాష రాని క్రీటు ముస్లింలను టర్కీకి పంపారు. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన చిత్తూరులో ఉంటారు కనుక అందులోని అన్యాయం మీకు చెప్పనక్కర్లేదు. ఇస్తాంబుల్ గ్రీకులకు, గ్రీసులోని పశ్చిమ థ్రేస్ ముస్లింలకు మాత్రం మినహాయింపు దొరికింది.